ఎనిమిదవ యిల్లు

శ్రావణ బహుళపక్షమున నొక సాయంసమయము. పశ్చిమదిగంతమున మదగజయూథమువలె క్రిక్కిఱిసి నిలిచిన కాలమేఘముల సందునుండి జాఱిన తామ్రవర్ణకిరణ మొక్కటి గౌతమీజలములపై బడి యచ్చట నిలువ నోపక ప్రవాహముతో గొట్టుకొనిపోవుచున్నట్లు కానవచ్చుచుండెను. ఎగువదేశముల యెఱ్ఱమట్టిని గరగించి తెచ్చిన యా నీటియందు ఎచ్చటనో కూలిన మ్రాకులును ఎవరి కప్పులనుండియో యూడివచ్చిన తాటాకులును వానినడుమ రాజు దిగిపోయిన సింహాసనమువలె మెల్లమెల్లగా దిరుగుచు నొక ప్లాస్టికు కుర్చీయును సముద్రాభిముఖముగా సాగిపోవుచుండెను. కొంగలు మాత్రము ఏమియు జరుగనట్లు తీరమున నొంటికాలిపై నిలిచి తపస్సు చేయుచుండెను. పరుల యాపదలో తమకు చేపలు దొరకునని యెఱిగిన తపస్వులకు శాంతి సులభము.

ఆ నదీమధ్యమున గువ్వలంక యను ద్వీపము కలదు. కలదనుట సాహసము. ఆ దినమునకు కొంత మిగిలియుండెనని చెప్పుట న్యాయము. పూర్వము నారికేళకదళీవనములతో నలరారిన యా లంకను గౌతమి యేటేట వఱదకాలమున నుత్తరపుటంచునుండి కొఱికి తినుచు వచ్చెను. గట్టుక్రింది యిసుకను లోలోపల దొలిచి పైనేలను గొంతకాలము గాలిలో నిలిపి యటుపిమ్మట నొక్కుమ్మడిగా దింపుకొనుట యా నది యలవాటు. లంకవారు దానిని గోదారమ్మ యనియే పిలుచుచుండిరి. ఆకలిగొన్న పిల్లి తన తొలికూనను దానే తినునని చిన్ననాటినుండి వినియున్నవారగుటచే తల్లి యనుమాటకును మ్రింగుట యనుమాటకును వారికి విరోధము తోపలేదు.

ఆ యంచునకు సమీపమున నొకదాని వెనుక నొకటిగా దక్షిణమునకు సాగిన యేడు పెంకుటిండ్ల వరుస యుండెను. దానిని ఏడిళ్ళవాడ యనుచుండిరి. ఆ వాడయంతటికిని ఒక్కటే పిల్లి. బూడిదరంగు మేనిపై నల్లనిచారలును చిరిగిన యెడమచెవియును గల యా మార్జాలమునకు ఒకయింట పాలును ఒకయింట చేపతలయును అన్నియిండ్ల తిట్లును లభించుచుండుటచే అది యే యింటికిని జెందక అన్నియిండ్లను దనవిగా నెంచుకొని బ్రదుకుచుండెను. దానికి బేరు లేదు. ఏడిళ్ళది యనిన నందఱకును దెలియుచుండెను.

ఆ యేటి తొలివఱదనాడు ఏడిళ్ళది వాడలో మొదటియింటి యటకపై రెండు పిల్లలను గనెను. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు త్రిప్పునని సామెత కలదు గదా. కన్నులు తెఱవని కూనలను మెడతోలు పట్టి పంట గఱచి అది రెండవయింటి యటకకు జేర్చిన కొలదిదినములకే మొదటియింటి వెనుకగోడ నదిలో బడెను. రెండవయిల్లు విడిచి మూడవదానిని జేరిన పిమ్మట రెండవయిల్లును అట్లే పోయెను. ఒకసారి జరిగినది కాకతాళీయము. మరల జరిగినది వింత. మూడవసారియు జరిగినప్పుడు గువ్వలంకలో నది శాస్త్రమయ్యెను. పిల్లి విడిచిన యింటిని నది మ్రింగును. పిల్లి యున్న యింటిని నది ముట్టదు. నేలలోని యదురు దాని పాదములకు ముందుగా దెలిసినదో లేక పెంకులు దింపుకొను మనుష్యుల సందడికి జడిసి యది తొలగినదో విచారించినవారు లేరు. శాస్త్రమునకు ఫలితము చాలును. కారణమును వెదకువారు పరీక్షలు వ్రాయువారు మాత్రమే.

ఈ నడుమ జిల్లాకేంద్రమునుండి యొక యింజనీరు వచ్చి తుమ్మెదవలె ఝంకారము చేయు డ్రోనును గగనమున కెగురవైచి నది తినిన మేరను తిననున్న మేరను తన చేతిపలకపై రంగురంగుల రేఖలుగా జూపి యెల్లరును ఆలస్యము చేయక ఆవలిగట్టున దమకొఱకు గట్టిన కాలనీయిండ్లకు దరలిపోవలెనని సవినయముగా వేడికొనెను. స్త్రీలు ఆతనికి కొబ్బరిబొండము కొట్టియిచ్చి సర్వమును శ్రద్ధగా వినిరి. ఆతని పడవ కనుమఱుగైన తోడనే అటక యెక్కి పిల్లి యెచ్చటనున్నదో చూచివచ్చిరి. అట్లు పిల్లియానతి ప్రకారము ఒక్కొక్క కుటుంబమే తలుపు లూడదీసి పెంకులు దింపి దూలములు మోపుగట్టి నావలో నావలిగట్టు చేరెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. పిల్లి యెన్నడును బొంకలేదు. దాని కీర్తి యాకాశమంటెను.

చివరకు ఏడవయిల్లు మిగిలెను. అది బుల్లబ్బాయి యనువానిది. నడివయసు దాటిన యాతడును ఆతని భార్య మంగాయమ్మయును సంతానము లేనివారగుటచే గౌరి యను గేదెయును పులి యను కుక్కయును గంపెడు కోళ్ళును వారి సంసారమై యుండెను. ఉఱుము వినిన మంచముక్రింద దూరు కుక్కకు పులి యని పేరేల పెట్టితివని యడిగినవారికి పేరైనను ధైర్యముగా నుండనిండని బుల్లబ్బాయి బదులు చెప్పుచుండువాడు. వేళాకోళము లేక యాతని నోట మాట వెలువడుట యరుదు. ఆ యింటి గోడలను బాల్యమున తండ్రితో గూడి మట్టి త్రొక్కి పెట్టినవాడగుటచే వానియందు మాత్ర మాతనికి పరిహాసము లేకుండెను. గోడలపై నెచ్చట నెవరి చేతియచ్చు పడియున్నదో చీకటిలో దడివి చెప్పగలవాడు.

ఏడిళ్ళది ఆఱవయింటినుండి తన కూనలతో వచ్చి తమ యటక చేరిననాడు బుల్లబ్బాయి యల్లుడు వచ్చినంతగా సంతసించి గౌరి పాలలో మీగడను దీసి దానికి బెట్టెను. మంగాయమ్మ మాత్రము సంతసింప లేదు. రాత్రులు చాపపై శయనించినప్పుడు నేలక్రిందినుండి యెవరో గోనెసంచి లాగికొనిపోవుచున్నట్లు చప్పుడు వినవచ్చుచున్నదని యామె చెప్పెను. పందికొక్కులని యాతడనెను. ఆఱవయిల్లు పడిపోయెను. తన యింటి యటకపై గూనలు కన్నులు తెఱచి ఆడుకొనుచుండెను. బుల్లబ్బాయి తన తోటలోని యరటిగెలలకు బేరమాడుట మానలేదు.

ఆ శ్రావణసాయంసమయమున అరుగుపై గూర్చుండి నదిని జూచుచున్న భర్తతో మంగాయమ్మ తన నిశ్చయమును దెలిపెను. ఇరుగు లేదు పొరుగు లేదు. దీపము వెలుగుచున్న యిల్లు వాడలో నిది యొక్కటియే. కాలనీలో తమకొఱకు నిర్మించిన యింటికి దాళము వేసియున్నది. మఱునాడే గౌరితోను పులితోను పెట్టె సామానులతోను వెడలిపోవలెను. ఆతడు విని పైకప్పు వంక జేయి చూపెను.

"ఏడో ఇల్లే మంగా ఇది. సామెత ఊరికే పుట్టుద్దేంటి? ఏడు తిప్పాక పిల్లి ఆగిపోద్ది. అది ఆగిందంటే గోదారీ ఆగినట్టే."

"ఆగక ఎక్కడికెల్తాది మావా? ఎనిమిదో ఇల్లు ఏదీ ఇక్కడ?"

"లెక్కల మేష్టారి కడుపున పుట్టాల్సిందానివే నువ్వు" అని యాతడు నవ్వెను.

కోపమున బలికిన మాట యగుటచే దానిలోని సత్యమును పలికినదియు గుర్తింపలేదు. ఏడిళ్ళది శాంతించి నిలిచినది కాదు. పోవుటకు జోటు లేక నిలిచినది. జీవులలో పెక్కింటి స్థిరత్వ మిట్టిదే గాని చూచువారు దానిని నమ్మకమని పిలుతురు.

తెల్లవాఱునప్పటికి పెరటిలో నూతిచప్టాకును వంటయింటిమెట్టునకును నడుమ చేయి దూరునంత నెఱియ విచ్చియుండెను. బుల్లబ్బాయి వంగి దానియందు చేయి పెట్టి చూచెను. అడుగునుండి చల్లనిగాలి వచ్చి యాతని వ్రేళ్ళను దాకెను. నేలక్రింద నేల యుండవలసినచోట గాలి యుండెను. ఆతడు లేచి చేయి పంచెకు దుడుచుకొని యేమియు బరిహాసమాడక సెల్లుఫోను దీసి ఆవలిగట్టున నున్న సరంగు ధర్మారావును బిలిచెను.

ధర్మారావు ముప్పదియేండ్లవాడు. ఇంజను బిగించిన నావను నడపుట యాతని వృత్తి. ఆఱు కుటుంబములను వారి పశువులతోను పెంకులతోను దాటించినవాడు ఆతడే. వచ్చుచునే నావనుండి యాతడు కేక వేసెను.

"ఏం బాబాయ్, మీ పిల్లిగారు ఒప్పుకున్నారా?"

"పిల్లి ఒప్పుకోలేదురా. మీ పిన్ని ఒప్పుకోమంది. రెంటిలో ఏది గీరితే ఎక్కువ లోతు దిగుద్దో నీకు పెళ్ళయ్యాక తెలుద్ది."

నవ్వులతోనే పని మొదలయ్యెను. తలుపులను ద్వారబంధములను ఊడదీసిరి. పాత్రలును బియ్యపుడ్రమ్మును చాపలచుట్టలును దేవునిపటమును నావలో నమర్చిరి. పెంకులను దింపుటకు వ్యవధి లేదని ధర్మారావు వలదనెను. పసుపు పూసి బొట్లు పెట్టిన గడపమ్రానును మాత్రము మంగాయమ్మ తానే గునపముతో బెకలించి బిడ్డ నెత్తుకొన్నట్లు భుజముపై మోసికొని వచ్చెను. పులి పిలువకయే నావలోనికి దుమికి అడుగుబల్లక్రింద దూరి తన ప్రయాణసన్నాహమును ముగించెను. గౌరి మాత్రము నీటియంచున నాలుగుకాళ్ళును దన్నిపెట్టి మొరాయించెను. బుల్లబ్బాయి దాని చెవిలో నేమో చెప్పెను. ఏమి చెప్పితివని ధర్మారావడుగగా ఆవలియొడ్డున నీకు స్లాబుయిల్లు కలదే పిచ్చిదానా యని చెప్పితిననెను. వానపాటునకు పైకప్పు కాఱని యిల్లు కావలెనని యెన్నేండ్లుగానో భార్య గోరుచుండుట యాతనికి గుర్తున్నదని యట్లు దెలిసెను. గేదె నావ వెనుక త్రాటికి గట్టబడి యీదుటకు సిద్ధమై కంఠదఘ్నజలమున నిలిచెను.

ఇక మిగిలినది పిల్లి. మంగాయమ్మ గోనెసంచి పట్టుకొని యటక యెక్కెను. ఏడిళ్ళది ఆమె ముంజేతిని నెత్తురు వచ్చునట్లు గీరి కూనలతో పెంకులక్రింది మూలకు జరిగి కూర్చుండెను. ఎంత బుజ్జగించినను రాలేదు. దానిని బలవంతపెట్టవలదనియు అది యింటియజమానురాలనియు ఇంతకాలము దాము దానియింట నద్దెకుండినవారమనియు బుల్లబ్బాయి క్రిందనుండి చెప్పెను. మంగాయమ్మ యన్నమున బెరుగు గలిపి యొక మూకుడుతో నటకపై నుంచి కన్నులు దుడుచుకొని దిగివచ్చెను. వదలి వెళ్ళువారు వండిపెట్టి వెళ్ళుట లోకమున నున్నదే.

వాన తాత్కాలికముగా వెలిసియుండెను. నావ గట్టునకు తాకి యూగుచుండెను. కొబ్బరిచెట్టునకు గట్టిన మోకును విప్పుటకు ధర్మారావు వంగియుండెను. మంగాయమ్మ పసుపుకుంకుమల బరిణెను చెంగున గట్టుకొని ముందు నడువగా బుల్లబ్బాయి ఆమె వెనుక వచ్చుచుండెను. అప్పుడు చూఱునుండి క్రిందికి దుమికిన ఏడిళ్ళది నోట నేదియో కఱచికొని ఆమె పాదముల కడ్డముగా మెఱుపువలె దాటి నావయున్నదిక్కునకు బరుగెత్తి పొదలమాటున మాయమయ్యెను.

ముగ్గురును నిలువబడిపోయిరి.

ప్రయాణమునకు పిల్లి యడ్డమైనచో ముఖము త్రిప్పికొని వెనుకకు మరలి యింటిలో గొంతతడవు కూర్చుండి మంచినీళ్ళు త్రాగి మరల బయలుదేరవలెను. పుట్టుకతో నేర్చిన యాచారము నడువ నేర్చిన కాళ్ళవంటిది. అది యాలోచింపకయే కదలును. మంగాయమ్మ ముఖము త్రిప్పికొనెను. కావున పిల్లి యెచ్చటికి బోయెనో చూడలేదు. బుల్లబ్బాయి ముఖము త్రిప్పికొనెను. కావున దాని నోట నున్నదేమో చూడలేదు. ఎలుక గాబోలునని యిరువురును దలంచిరి. ధర్మారావు విప్పుచున్న మోకును మరల బిగించి నిటారుగా నిలిచెను. ఆతని ముఖమున నవ్వు లేదు.

"పిన్నీ, నేను మోకు విప్పను. పిల్లి అడ్డమొచ్చిందని మా అమ్మ చెప్తున్నా వినకుండా పడవ తీసిన రోజే మా నాన్న పోయాడు. మీరు కోప్పడినా సరే, విప్పను."

ఈ లంకను విడువవలెనని యెన్నిదినములుగానో పోరుచున్నది మంగాయమ్మయే. నేలక్రింది చప్పుడును ముందుగా వినినదియు నామెయే. అయినను అడ్డమైన పిల్లియు వఱదగోదావరియు నొక్కచో గూడినప్పుడు ఆమెయు నాచారమునకే లోబడెను. నావలోని బిందెనుండి యిత్తడిచెంబుతో నీళ్ళు ముంచి యామె భర్తచేతి కిచ్చెను.

"ఇంటి పెద్దవి, నువ్వొక్కడివి తాగితే చాలు. లోపలికెళ్ళి కాసేపు కూర్చుని తాగి రా మావా."

"తలుపుల్లేవు, గడప నువ్వే మోసుకొచ్చేశావు. లోపలేదో బయటేదో ఎట్టా తెలుద్దే నాకు?"

"గోడలున్నాయిగా. ఆటి మధ్య కూర్చో."

ఆతడు చెంబు తొణకకుండ బట్టుకొని పెండ్లికి బోవువానివలె మెల్లగా నడిచి గోడలనడుమకు బోయెను. ద్వారము లేని ద్వారమునుండి ఆతని తెల్లపంచె కొంతసేపు గనబడెను. పిమ్మట గూర్చుండుటచే గనబడలేదు.

మంగాయమ్మ నావలో నొక పార్శ్వమున గూర్చుండి నీటిని జూడ నొల్లక చాపలచుట్టలను జూచుచుండెను. ఆ చుట్టలలోనుండి దారముకంటె సన్నని యేడుపొకటి వినవచ్చెను. గంపలోని కోడి కాదు. బల్లక్రింది పులియు కాదు. ఆమె చుట్టను విప్పి చూడగా రెండుచాపల నడుమ వెచ్చగా బొదిగి పెట్టబడిన నల్లనికూన తన నీలికన్నుల నామెవంక కెత్తి నోరు తెఱచెను. తల యెత్తి గట్టువంక జూడగా నోట నేమియు లేక ఏడిళ్ళది యింటివైపునకు బరుగెత్తుచుండెను. రెండవకూనకొఱకు బోవుచున్నది.

లంకయంతయు వెలపోసిన శాస్త్ర మొక్కక్షణమున నామె కన్నులయెదుట నిలిచెను. పిల్లి విడిచిన యింటిని నది మ్రింగును. అది తమ దారికి అడ్డము రాలేదు. తమ దారినే వచ్చినది. వాడలో లేని యెనిమిదవయిల్లు దానికి నేటియుదయమున గట్టునకు వచ్చి తగిలినది. సామానులు గొనిపోయినవారిని జూచి తానును తన సామానును మోయుచున్నది. అపశకునమని తాము ముఖము త్రిప్పికొన్నది తాము దినదినమును నటక యెక్కియెక్కి వెదకిన యనుజ్ఞయే. ఒక్కజంతువునకు రెండు శాస్త్రములు కట్టి తాము రెండవదానిని నమ్మిరి. ఆ రెంటి నడుమ తన భర్త చెంబుతో గూర్చుండియున్నాడు.

ఆమె లేచి నిలువబడి పిలిచెను.

"మావా, వచ్చెయ్. అది అడ్డం రాలేదు. ఇల్లు ఖాళీ చేత్తంది. నీళ్ళు పారబోసి వచ్చెయ్ మావా."

లోపలినుండి యాతని కంఠము ప్రశాంతముగా వినవచ్చెను.

"ఇంకా గుక్కన్నా పడలేదే. ఒక్క నిమిషం కూర్చోనియ్యి. ఈ గోడలు మళ్ళీ ఎక్కడ చూత్తాను."

అంతట పెద్దశబ్ద మేదియు గాలేదు. కొబ్బరిచెట్ల తలలు మాత్రము గాలి లేకయే యొక్కపర్యాయము దక్షిణమునకు వంగెను. నూతిచప్టా కనబడకుండ బోయెను. పిమ్మట ఆ యిల్లు కూలలేదు. పగులలేదు. నడచి నడచి యలసినవాడు అరుగుపై గూర్చుండునట్లు ఉన్నదున్నట్లుగనే కూర్చుండెను. పెంకులకప్పు నీటిపై నొక నిమేషకాలము సమతలముగా నిలిచి యెవరికో నమస్కరించుచున్నట్లు ముందునకు వంగి లోనికి బోయెను. గట్టు లేని గట్టునుండి పెద్దయల లేచి నావ నెత్తివేసెను. ధర్మారావు కత్తితో మోకును దెగగొట్టెను. కోళ్ళగంప యొఱగిపోయెను. గౌరి త్రాటితో గూడ నావ నీడ్చుచు బెదరి రంకెవేసెను. పులి తన జీవితమున మొదటిసారి బల్లక్రిందినుండి వెలువడి అలలవంక జూచి మొఱిగెను.

తెగిన మోకుకొన నీటిలో వ్రేలాడుచుండెను. దానిని గోళ్ళతో బట్టుకొని ఏడిళ్ళది నావపైకి ప్రాకెను. మట్టినీరు గాఱుచున్న దాని నోరు ఖాళీగా నుండెను. అది చాపలచుట్టను జేరి ఉన్న యొక్కకూనను వాసన చూచి మరల నావయంచునకు వచ్చి నీటిని జూచి మరల చుట్టను జేరి యట్లే తిరుగుచుండెను. మంగాయమ్మ తిరుగలేదు. ఆమె యంచున గూర్చుండి రెండుచేతులను ఒడిలో వెల్లకిల బెట్టుకొని యుండెను.

ధర్మారావు చీకటిపడువఱకును ఆ నీటిలో నావను ద్రిప్పెను. ఆవలిగట్టునుండి మఱికొన్ని పడవలును వచ్చెను. తాటాకులు దొరకెను. ఒక కిటికీఱెక్క దొరకెను. బుల్లబ్బాయిని నది తిరిగి యీయలేదు. ఒడ్డు చేరునప్పుడు మంగాయమ్మ యడిగెను.

"మీ బాబాయ్ ఆ నీళ్ళు తాగాడంటావా, ధర్మా?"

ఆతడు ఇంజను నాపి ముఖమును భుజముపై దువాలులో దాచుకొనెను.

కాలనీయిండ్లు నదికి గ్రోసెడు దూరమున మెరకపై గట్టబడియుండెను. ఒకదానివంటి దొకటి. స్లాబుకప్పులు. వానకు గాఱవు. వానికి నటకలు లేవు. మంగాయమ్మ తనయింటి సిమెంటుగడప ముందర గువ్వలంకనుండి తెచ్చిన గడపమ్రానును బెట్టెను. ద్వారమునకు దక్కువై యది యొకప్రక్క నేలపై నడ్డముగా బడియుండెను. మైల దీఱినపిమ్మట క్రొత్తయింట పాలు పొంగింపవలెనని ముందుగా వచ్చిన యాఱిండ్ల యాడువారును గుమిగూడి గౌరి పాలు పితికి పొయ్యిపై బెట్టిరి. పాలు పొంగెను. మొదటిగరిటె దేవునికి దీయబోవగా మంగాయమ్మ యడ్డుపడి గిన్నెను దీసికొని బియ్యపుడ్రమ్ము వెనుక నున్న పిల్లిముందర బెట్టెను. అశుభము జరిగిన యింట నా జంతువును బెట్టుకొనవలదని యొకతె యనెను. ఇంకొకతె యామె మోచేయి గిల్లి యూరకుండుమనెను. ఆ పిల్లి మాట వినియే కదా తామందఱును బ్రదికి వచ్చిరి.

పులి మంచముక్రిందకే మరలిపోయెను. యజమాని గొంతును వెదకుచు గౌరి దినదినమును సాయంకాలమున నదిదిక్కునకు ముఖము బెట్టి నిలుచుచుండెను. ఇంజనీరు వచ్చి పరామర్శించి తన చేతిపలకను జూపి ఈ మెరకకు నది నూఱేండ్లకును రాదని మంగాయమ్మకు మెల్లగా వివరించెను. ఆమె శ్రద్ధగా విని తల యూచెను. ఆతడు వెడలినపిమ్మట డ్రమ్ము వెనుకకు వంగి చూచెను. ఆమె సామానుమూటలలో సగము నేటికిని విప్పబడలేదు.

శకునము పలుకునది జంతువని యందురు. జంతువు పలుకదు. అది తన బిడ్డను మోసికొని తన దారిని బోవును. దాని దారికి మన దారి యడ్డమైనప్పుడు మన భయమే దాని నోట బలుకును. భయము రెండునాలుకలది. ఒకదానితో బొమ్మనును. ఒకదానితో గూర్చుండుమనును. ఏ నాలుక మాట విందుమో యా మాటకు దగిన మూల్యము మనమే చెల్లింతుము.

భాద్రపదమున నొకయుదయము. కొంగలు మెరకలపొలములకును వచ్చి యొంటికాళ్ళపై నిలిచియుండెను. తోటపనులకు బోవు స్త్రీలు అన్నపుగిన్నెలు చంకబెట్టుకొని ఆటోకొఱకు వీథిలో వేచియుండిరి. అప్పుడు మంగాయమ్మయింటినుండి ఏడిళ్ళది వెలువడెను. నల్లనికూన పెరిగి దాని నోట మోయరాని బరువై వెనుకకాళ్ళు నేల నీడ్చుచుండెను. అది వీథినడుమకు వచ్చి అందఱి దారికి నడ్డముగా నిలిచి కూనను విడువకయే తల యెత్తి ఎటు పోవలెనో యని నాలుగుదిక్కులును జూచెను.

పూర్వమైనచో ఆ స్త్రీలు ముఖములు త్రిప్పికొని లోనికి మరలి కూర్చుండి నీళ్ళు త్రాగియుందురు. నేడు ముఖము త్రిప్పికొన్నవారు లేరు. కూర్చుండవలెనో పరుగెత్తవలెనో తెలియక అన్నపుగిన్నెలతో నందఱును నిలిచిపోయిరి. వచ్చిన యాటో కూతవేసి కూతవేసి యూరకుండెను. వారి వెనుక తలుపు తెఱచుకొని మూట యొకచేతను గౌరి త్రాడొకచేతను బట్టుకొని మంగాయమ్మ వీథిలోనికి వచ్చి నిలిచెను. పిల్లి యింకను గదలలేదు.